మా ఆర్వీకి తీసుకున్న మెక్సికో ఇన్సూరెన్స్: ఫోనెత్తిన మనిషికి ఐదు స్టార్లు, క్లెయిమ్ ఆఫీసుకి రెండు

కంపెనీ పేరు రాయడం లేదని ముందే చెప్పేస్తున్నా. క్లెయిమ్ డబ్బు ఇంకా చేతికి రాలేదు, ఈలోపు పేరు పెట్టి తిట్టడం నాకిష్టం లేదు, పేరు పెట్టి పొగిడితే కమీషన్ తిన్నానంటారు. పైగా మెక్సికో ఇన్సూరెన్స్ అమ్మే బ్రోకర్ సైట్లు బోలెడున్నా, వాటి వెనక పాలసీ ఇచ్చే మెక్సికో కంపెనీలు అవే కొన్ని మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. కాబట్టి నాకు తగిలిన దెబ్బలు మీరు ఏ సైట్‌లో కొన్నా తగిలేవే.

మేముండేది ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో ఒక క్లాస్ సీ మోటర్‌హోమ్ కొన్నాం, 25 అడుగులది. తెలియనివాళ్లకి చెప్పాలంటే మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ లోపలే ఉండే బండి, ఆర్వీ అనేది ఇలాంటివాటినే. మా నాన్న నెల్లూరు డిపోలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు, ఆయన భాషలో అయితే "పొయ్యి పెట్టిన ఆర్టీసీ బస్సు". గత నవంబర్‌లో నాన్న మా దగ్గరే ఉన్నారు, ఎండిపోయిన ఈ ఊరు చూసి చూసి విసుగెత్తి "ఇక్కడ సముద్రం అనేదే లేదా ఏందమ్మా" అని రోజూ అడుగుతుంటే, థ్యాంక్స్ గివింగ్ సెలవులకి ప్వెర్తో పెన్యాస్కో వెళ్దామనుకున్నాం. ఇక్కడి అమెరికన్లు దాన్ని రాకీ పాయింట్ అంటారు. అరిజోనాకి సముద్రం లేదు కాబట్టి ఫీనిక్స్ వాళ్లందరికీ అదే బీచ్. హీలా బెండ్, ఆహో దాటి లూక్‌విల్ దగ్గర బోర్డర్, అవతల సొనోయ్తా, అక్కడి నుంచి సుమారు వంద కిలోమీటర్లు సముద్రానికి.

ఇక అసలు విషయం. అమెరికాలో మీరు కట్టే బండి ఇన్సూరెన్స్ ఎంత గొప్పదైనా మెక్సికోలో థర్డ్ పార్టీకి అది చెల్లదు. అక్కడ లైసెన్స్ ఉన్న మెక్సికో కంపెనీ పాలసీయే కావాలి. కొన్ని అమెరికన్ కంపెనీలు బోర్డర్ నుంచి కొంత దూరం వరకు మన బండి డ్యామేజీకి కవర్ ఇస్తాయి, అది చూసి "మనకి ఉందిలే" అనుకుని వెళ్లేవాళ్లని చూశాను. మన బండికి ఉంటే సరిపోదు, అవతలివాడికి ఏదైనా అయితే ఎవరు కడతారన్నదే అక్కడ ప్రశ్న. మనుషులకి గాయాలైతే తప్పెవరిదో తేలేదాకా, డబ్బు కట్టగలరని రుజువయ్యేదాకా డ్రైవర్‌ని పోలీసులు ఉంచేసుకోవచ్చు. అందుకే ఈ పాలసీల్లో లాయర్ ఖర్చు, బెయిల్ కూడా ఒక లైనుగా ఉంటాయి. ఆ లైను లేని పాలసీ చవగ్గా వచ్చినా తీసుకోకండి.

కొనడం పది నిమిషాల పని. సైట్ బాగుంది, చాట్‌లో ఉన్న అమ్మాయి ఇంకా బాగుంది. మాతోపాటు వచ్చిన ఇంకో కుటుంబం పికప్ వెనక ట్రెయిలర్ లాగుతూ వచ్చారు, వాళ్లు పికప్ ఒక్కదానికే పాలసీ తీసుకోబోతే, డబ్బు కట్టకముందే ఆ అమ్మాయి అడిగింది, "వెనక ఏమైనా తగిలిస్తున్నారా?" అని. లాగే బండీ, లాగించుకునే బండీ రెండూ ఒకే పాలసీలో రాయకపోతే ప్రమాదం జరిగినప్పుడు మొత్తం క్లెయిమే ఎగిరిపోవచ్చు. మోటర్‌హోమ్ వెనక చిన్న కారు కట్టుకెళ్లేవాళ్లకీ ఇదే లెక్క, పడవకీ ఇదే.

కానీ ఆ పది నిమిషాల్లోనే నేను ఒక తప్పు చేశాను, దాని ఖరీదు కింద చెప్తా. ఫారంలో బండి విలువ దగ్గర కొన్న ధర కాకుండా ఇవాళ మార్కెట్లో ఎంత పలుకుతుందో అది రాయాలి. మాది 38,000 డాలర్లు రాశాం. ఎక్కువ రాస్తే ప్రీమియం దండగ, బండి మొత్తం పోయినా ఇచ్చేది ఆనాటి ధరే, తక్కువ రాస్తే ఆ తక్కువే చేతిలో పెడతారు. థర్డ్ పార్టీ పరిమితి మూడు లక్షల డాలర్లా, ఐదు లక్షలా అని అడిగింది, తేడా రోజుకి ఒకటి రెండు డాలర్లే, ఐదు తీసుకున్నా. అద్దాలు, లైట్లు ఊడదీసుకుపోతే వచ్చే చిల్లర దొంగతనం కవర్ విడిగా టిక్ చేయాలి, చేశాను. బండి లోపల ఉన్న ల్యాప్‌టాప్‌లు, కుక్కర్లు దేనికీ కవర్ లేదు. మన డ్యామేజీకి డిడక్టిబుల్, అంటే ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సింది, 1,000 డాలర్లు. నాలుగు రోజులకి మొత్తం 104 అయింది. చివర్లో ఒక చిన్న గడి, "అమెరికాలో రిపేర్ చేయించుకుంటే గంట కూలీ పరిమితి పెంచాలా?" అని. రోజుకి ఇంకో మూడు డాలర్లు. అప్పటికే కూతురు పక్కన నిలబడి స్లీపింగ్ బ్యాగ్ ఏదని గోల, నేను ఆ టిక్ తీసేసి డబ్బు కట్టేశాను. అదే ఆ తప్పు.

బండి మీద లోన్ ఉంటే లోన్ ఇచ్చినవాళ్ల నుంచి దేశం దాటించడానికి ఒప్పుకుంటున్నామని ఉత్తరం తీసుకోండి. మాకు అది రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, మూడు ఫోన్లు. అద్దె ఆర్వీ అయితే ముందు కాంట్రాక్ట్ చదవండి, చాలా కంపెనీలు మెక్సికోకి ఒప్పుకోవు, ఒప్పుకోని బండికి మీరు ఏ పాలసీ కొన్నా ఉపయోగం ఉండదు.

మనవాళ్ల కాగితాల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ఆర్వీ వాళ్లు రాసే సలహాలన్నీ అమెరికన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ల కోసమే. ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్లకి మెక్సికో వీసా కావాలి, అయితే చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసాగానీ గ్రీన్ కార్డుగానీ ఉంటే అక్కర్లేదు. మా ఇద్దరి హెచ్‌వన్‌బీ, హెచ్‌ఫోర్ (ఉద్యోగం, డిపెండెంట్) వీసా స్టాంపులకి ఇంకా గడువుంది, నాన్నది విజిటర్ వీసా, పదేళ్లది, పాపది అమెరికన్ పాస్‌పోర్ట్. మాతో రావాల్సిన మూడో కుటుంబం ఇక్కడే ఆగిపోయింది. వాళ్ల పాస్‌పోర్టుల్లో వీసా స్టాంపు గడువు దాటిపోయింది, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) మాత్రం ఉంది. ముప్పై రోజుల్లోపు మెక్సికో వెళ్లొస్తే పాత వీసా మీదే తిరిగి రానిచ్చే రూలు ఒకటుంది, ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్ అని, అది విని ఆ ఇంటాయన ధైర్యంగా ఉన్నారు. కానీ ఆ రూలు అమెరికాది, మెక్సికోది కాదు. అమెరికా వీసా గడువు దాటితే లోపలికి పోవడానికే మెక్సికో వీసా కావాలి, దానికి కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కావాలి. బుధవారం బయల్దేరడం, సోమవారం రాత్రి ఈ సంగతి తెలియడం. ఆ ఇంటి వదినగారు రెండు రోజులు మాతో మాట్లాడలేదు, మేమేం చేశామో ఇప్పటికీ తెలియదు.

బయల్దేరే ముందు రాత్రి బండిలో డ్రాయర్లు, సీట్ల కింద, మంచం కింద టార్చ్ వేసి వెతికాం. తుపాకీ మాకెక్కడిది, కానీ బండి సెకండ్ హ్యాండ్ది కదా, పాత ఓనర్ వేటకెళ్లే రకం, ఎక్కడైనా ఒక తూటా మర్చిపోయి ఉంటే? మెక్సికోలో ఒక్క తూటా దొరికినా పెద్ద కేసే. రెండు చేపల గాలాలు, ఒక పాత లాటరీ టికెట్ దొరికాయి. ప్రశాంతంగా పడుకున్నాం.

బోర్డర్‌లో అటు వెళ్లడం ఐదు నిమిషాలు. ఒక సిగ్నల్ లైటు ఉంటుంది, పచ్చ వస్తే పోవచ్చు, ఎరుపు వస్తే పక్కకి తీసి బండి చూస్తారు. మాకు ఎరుపు వచ్చింది. ఒక సైనికుడిలాంటి యూనిఫాం ఆయన లోపలికి ఎక్కి ఫ్రిజ్ తెరిచి, బియ్యం డబ్బా తెరిచి, మాగాయ సీసా మూత తీసి వాసన చూసి, వెంటనే మూత పెట్టేసి "పాసె" అన్నాడు. నాన్నకి ఇదంతా భలే నచ్చింది, చెన్నై రూట్‌లో తడ చెక్‌పోస్ట్ దగ్గర ఎన్నేళ్లు ఆగారో. "ఎవరిని ఆపాలో లైటే చెప్తే మొహమాటం ఉండదు కదా" అన్నారు.

ఇక్కడ ఒక మాట, బండి చూసి పంపించేశారు కదా అని సాగిపోకండి. ఇమిగ్రేషన్ ఆఫీసు పక్కన ఉంటుంది, మన దగ్గరికి ఎవరూ రారు, మనమే పార్క్ చేసి లోపలికెళ్లి ఎఫ్ఎమ్ఎమ్ అనే టూరిస్ట్ కాగితం తీసుకోవాలి. రోడ్డు మార్గంలో ఏడు రోజుల్లోపైతే ఫ్రీ, దాటితే ఫీజు. వారాంతానికొచ్చే అమెరికన్లు చాలామంది ఆగకుండా పోతారు, వాళ్లని చూసి మీరు పోకండి. విదేశీ పాస్‌పోర్ట్‌తో, పైగా వీసా మీద బతుకుతూ, ఒక దేశంలో కాగితం లేకుండా తిరగడం మనకి పడదు. బండికి మాత్రం పెన్యాస్కో వరకు ఏ పర్మిట్టూ అక్కర్లేదు, ఆ ప్రాంతం ఫ్రీ జోన్. బాహా కాలిఫోర్నియా కూడా అంతే. మజట్లాన్ లాంటి లోపలి ఊళ్లకి పోయేవాళ్లయితే బాన్‌హెర్సితో అనే బ్యాంకు దగ్గర బండికి తాత్కాలిక దిగుమతి పర్మిట్ తీసుకోవాలి. మామూలు కారుకి ఆర్నెల్లే, డిపాజిట్ కూడా కట్టాలి. మోటర్‌హోమ్‌కి పదేళ్లకి ఇస్తారు. మాకా అవసరం పడలేదు.

రోడ్డు బాగుంది. పెట్రోల్ పెమెక్స్ బంకులో కొట్టించుకునేటప్పుడు మీటర్ సున్నా మీద ఉందో లేదో చూడండి, ఇది నెల్లూరు వాళ్లకి చెప్పక్కర్లేదనుకోండి. ఊళ్లు వచ్చినప్పుడు స్పీడ్ బ్రేకర్లు, తోపెస్ అంటారు, గీత కూడా వేయరు. రాత్రిపూట నడపకండి, రోడ్డు మీద ఆవులు ఉంటాయి.

శుక్రవారం సాయంత్రం జరిగింది అసలు సంగతి. చేపల మార్కెట్లో రెండు కిలోల రొయ్యలు కొని, తోర్తీయా చేసే చిన్న దుకాణం ముందు బండి పెట్టాం. ఎడమ పక్కనే ఒక పాత తెల్ల పికప్ ఉంది. బయల్దేరేటప్పుడు నాన్న "నేను దిగి చూస్తా అల్లుడుగారూ, కుడికి కొడితే తోక ఎడమకి ఊడుస్తుంది" అన్నారు. మా ఆయన "పర్లేదు మావయ్యా, కెమెరా ఉంది" అన్నాడు. కెమెరా వెనక్కి చూస్తుంది, పక్కకి కాదు. వెనక చక్రాల తర్వాత మా బండికి ఎనిమిది అడుగుల తోక ఉంది, స్టీరింగ్ కుడికి తిప్పగానే ఆ మూల ఎడమకి వెళ్లి పికప్ ముందు ఫెండర్‌ని, హెడ్‌లైట్‌ని నమిలేసింది. చప్పుడు అప్పడం విరిగినట్టు వచ్చింది, అది మా ఫైబర్ గ్లాసు. నాన్న ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ.

దుకాణంలోంచి ఒకాయన చేతులకి పిండితో బయటికొచ్చాడు, పికప్ ఆయనదే. లైటు చూశాడు, మమ్మల్ని చూశాడు, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని "సెగూరో?" అన్నాడు. ఇన్సూరెన్స్ ఉందా అని. ప్రింట్ తీసిన పాలసీ చూపిస్తే ఆయన మొహం మామూలైపోయింది. ప్రింట్ తీసుకెళ్లండి, ఫోన్‌లో పీడీఎఫ్ ఉందిలే అనుకోకండి.

పాలసీ మీద ఉన్న నంబర్‌కి చేస్తే రెండో రింగుకే ఎత్తారు, ఇంగ్లిష్‌లో. మొదటి ప్రశ్న "ఎవరికైనా దెబ్బలు తగిలాయా?" లేదన్నాక, బండి కదపొద్దు, ఎవరికీ క్యాష్ ఇవ్వొద్దు, ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, ఫోటోలు తీయండి, మా మనిషి వస్తున్నాడు అన్నారు. ఆ మనిషిని అక్కడ అహుస్తదోర్ అంటారు. గంటా పది నిమిషాలకి చిన్న కారులో వచ్చాడు. ఈలోపు ఒక పోలీసు వచ్చి, పాలసీ చూసి, తోర్తీయా కొనుక్కుని వెళ్లిపోయాడు. అహుస్తదోర్ నేల మీద మోకాళ్ల మీద కూర్చుని రెండు బండ్లనీ ఫోటోలు తీసి, మా ఆయన చేత జరిగింది రాయించి, పికప్ ఆయనకి ఒక కాగితం రాసిచ్చాడు, అది పట్టుకెళ్తే షెడ్డులో ఉచితంగా చేస్తారు. థర్డ్ పార్టీకి మేం కట్టింది సున్నా. మాకు సినియెస్త్రో నంబర్ ఇచ్చాడు, క్లెయిమ్ నంబర్ అన్నమాట. మెక్సికో దాటకముందే ఈ నంబర్ మీ చేతిలో ఉండాలి, ఇంటికెళ్లి తీరిగ్గా చెప్దాంలే అంటే క్లెయిమ్ ఒప్పుకోరు. ఈ భాగానికి ఐదు స్టార్లు కాదు, పది ఇస్తా. భాష రాని ఊళ్లో చీకటి పడే వేళ ఒక మనిషి వచ్చి మన తరఫున మాట్లాడితే ఎంత టెన్షన్ తగ్గుతుందో, 104 డాలర్లు నాకు అప్పుడే గిట్టుబాటయ్యాయి. పికప్ ఆయన మాకు వేడి తోర్తీయాలు ఒక కట్ట ఇచ్చాడు. రాత్రి రొయ్యల వేపుడు వాటిలో పెట్టుకుని తిన్నాం.

వెళ్తూ వెళ్తూ అహుస్తదోర్ ఒక మాటన్నాడు, "మీ మూల ఇక్కడే చేయించుకోండి, ఈ ఊళ్లో చేపల పడవలకి ఫైబర్ గ్లాసు పని రోజూ చేస్తారు, మూడు రోజుల పని" అని. మా ఆయనకి సోమవారం ఆఫీసు. ఇంటికెళ్లి చేయించుకుంటాం అన్నాం.

ఇక రెండు స్టార్ల కథ. చాండ్లర్ దగ్గర ఆర్వీ షాపు ఎస్టిమేట్ 3,640 డాలర్లు. సామాను 670, మిగతా 2,970 కూలీ, 18 గంటలు, గంటకి 165. మా పాలసీలో గంట కూలీ పరిమితి 70, నేను టిక్ తీసేసిన గడి అదే. అంటే వాళ్ల లెక్కలో కూలీ 1,260, సామాను కలిపి 1,930, అందులో డిడక్టిబుల్ వెయ్యి పోతే మాకొచ్చేది 930. మిగిలిన 2,710 మా జేబులోంచి. నాలుగు రోజులకి పన్నెండు డాలర్లు మిగిల్చాననుకున్న నా తెలివికి మా ఇంట్లో ఇప్పుడు ఒక పేరుంది, ఇక్కడ రాయను. ఇది కంపెనీ తప్పు కాదు, కాగితంలో రాసే ఉంది. కంపెనీ తప్పు ఏంటంటే ఆ 930 కూడా తొమ్మిది వారాలైనా రాలేదు. అవే ఫోటోలు మూడుసార్లు అడిగారు, ప్రతిసారీ వేరే మనిషి. అహుస్తదోర్ తీసిన ఫోటోలు వాళ్ల దగ్గరే ఉన్నాయి కదా అంటే అది వేరే డిపార్ట్‌మెంట్ అట. అమ్మేటప్పుడు చాట్‌లో ఉన్న అమ్మాయి క్లెయిమ్ అప్పుడు ఎందుకుండదో ఎవరైనా చెప్పండి.

ఇంకో సంగతి మర్చిపోయేదాన్ని. పాలసీ రోజులు అర్ధరాత్రి నుంచి కాదు, మీరు ఎంచుకున్న గంట నుంచి లెక్క. మేం బుధవారం మధ్యాహ్నం పన్నెండు పెట్టాం, నాలుగు రోజులు, అంటే ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి అయిపోతుంది. మేం బోర్డర్ దాటేది ఎప్పుడు? శనివారం రాత్రి నాన్న పాలసీ కాగితం చదువుతూ (ఆయన ఏ కాగితమైనా చదువుతారు) "రేపు మధ్యాహ్నం నుంచి మన బండికి దిక్కెవరు" అన్నారు. అప్పటికప్పుడు ఫోన్‌లో ఇంకో రోజు కొన్నాం, విడిగా కొన్నందుకు 31 డాలర్లు. బోర్డర్ క్యూ మొత్తం మెక్సికో నేల మీదే ఉంటుంది, అక్కడ తగిలినా తగిలినట్టే.

ఆ క్యూ సంగతి. ఆదివారం, పైగా థ్యాంక్స్ గివింగ్ ఆఖరి రోజు. రెండున్నరకి సొనోయ్తా చేరితే గేటు దాటేసరికి ఆరూ నలభై. లూక్‌విల్ గేటు రాత్రి ఎనిమిదికి మూసేస్తారు, ఐదున్నర నుంచి మాకు అదే బెంగ. ఆర్వీలో ఉన్నందుకు ఆ ఒక్కరోజు అందరూ మమ్మల్ని చూసి కుళ్లుకున్నారు, ఎందుకంటే మాకు బాత్రూమ్ ఉంది. కుదిరితే శనివారం రండి, లేదా సోమవారం పొద్దున. బయల్దేరేముందు గేటు తెరిచి ఉందో లేదో కూడా చూసుకోండి. 2023 డిసెంబర్ 4న ఆ గేటు మొత్తంగా మూసేసి మళ్లీ 2024 జనవరి 4నే తెరిచారు, అప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లు చుట్టూ తిరిగి నొగాలెస్ మీదుగానో సాన్ లూయిస్ మీదుగానో రావాల్సి వచ్చింది.

అమెరికా వైపు ఆఫీసర్ పాస్‌పోర్టులు చూశాడు, నాన్న పాత ఐ-94 మీదే రానిచ్చాడు, ఎర్ర టేపు చుట్టిన మా వెనక లైటు చూసి నవ్వాడు. రొయ్యల ఐస్ పెట్టె చెప్పాం, సరే అన్నాడు. పళ్లు, కూరలు ఉన్నాయా అంటే ఫ్రిజ్‌లో నాలుగు నిమ్మకాయలు, ఒక కరివేపాకు కట్ట. నిమ్మకాయల సంగతి నాకు తెలుసు, కరివేపాకు ఎందుకని అడిగితే నిమ్మ జాతి చెట్లకి తెగులు మోసే పురుగు దాని మీద ఉంటుందట. చాండ్లర్‌లో కొన్నదే సార్ అన్నాను, సంచీ మీద లేబుల్ లేదు. చేతి తొడుగులు వేసుకుని మరీ తీసి చెత్తలో వేశాడు. నాలుగు రోజుల ప్రయాణంలో నాన్న మొహం మాడింది ఆ ఒక్క నిమిషమే.

మళ్లీ ఫిబ్రవరిలో వెళ్తున్నాం. ఏడాది పాలసీ ధర అడిగితే నాలుగొందల చిల్లర చెప్పారు, ఏడాదికి మూడు ట్రిప్పులు వేస్తే రోజువారీ కన్నా అదే చవక, గంటల లెక్క గోల కూడా ఉండదు. అదే బ్రోకర్ దగ్గర తీసుకుంటానా అంటే, ఆ 930 వచ్చాక చెప్తా. కూలీ గడి మాత్రం ఈసారి మా ఆయన తన చేత్తో టిక్ పెడతానన్నాడు.